రోజలీ ఎంచుకున్న కొండ

ఫిబ్రవరిలో బడులకు వారం సెలవులిస్తారనగా కెనడాకి సరిహద్దుగా నది పారే మా లోయలో ఇంటింటా ఒకటే రగడ. ఏ కొండకి పోదాం? స్కీయింగుకి పోవాలా వద్దా అని ఎవరూ అడగరు. ఏ కొండ అన్నదే గొడవంతా. ఈ గొడవ మీద మాటలు మానేసిన అన్నదమ్ములున్నారు. మనవలున్న మొగుడూ పెళ్ళాలు చెరో కారెక్కి చెరో కొండకి పోయి, వారం తిరిగాక ఏమీ ఎరగనట్టు ఆదివారం చర్చిలో పక్కపక్కనే కూర్చున్న సంగతి కూడా మాకు తెలుసు.

రోజలీ వలెట్ ఇంట్లో మాత్రం ఆ రగడ ఎన్నడూ లేదు. ఆమె మొగుడు లూసియన్, బెడార్ అనే కొండ మీద గస్తీ మనిషి. కాబట్టి వాళ్ళ కొండ బెడార్ కొండ. అక్కడున్నవి ఒక కుర్చీల లిఫ్టు, చిన్నపిల్లల్ని పైకి లాగే ఒక తాడు, కింద రేకుల కప్పు హాలు, ఆ హాల్లో బఠానీల సూపు. బయటినుంచి వచ్చినవాళ్ళు ఇంతేనా అని మొహం వేలాడేస్తారు. ఇంతే మరి. నచ్చకపోతే రోడ్డు వచ్చినవైపే తిరిగి పోతుంది.

ఆ ఏడు మొదటిసారి ఆ ఇంట్లోనూ గొడవ పుట్టింది. పుట్టించింది కూతురు జెనీన్. ఆమె దక్షిణాన సముద్రం ఒడ్డున పోర్ట్‌లండ్‌లో ఉంటుంది, పళ్ళ డాక్టరు దగ్గర పని. మొగుడికి ఆ వారం సెలవు దొరకదు కనుక తనూ, పన్నెండేళ్ళ కూతురు ఎలిస్ మాత్రమే వస్తారు. సగం దూరంలో ఓ పెద్ద రిసార్టు ఉంది, ఈసారి అందరం అక్కడ కలుద్దాం అంది. గది తలుపు తీస్తే మంచేనట. వేడినీళ్ళ కొలనుందట, నర్సుందట, కూర్చుంటే వెచ్చగా ఉండే లిఫ్టు కుర్చీలున్నాయట. కూర్చునే చోటు వెచ్చబెట్టుకోవడానికి కొండెక్కడం దేనికి, ఇంట్లో పొయ్యి లేదా అని రోజలీ ఫోన్లోనే దులిపేసింది. కానీ జెనీన్ అడుగుతున్నది వేడి కుర్చీల గురించి కాదని ఆమెకీ తెలుసు.

లూసియన్‌కి మతిమరుపు జబ్బు. మొదట పేర్లు పోయాయి, తర్వాత వారాలు పోయాయి, ఆ తర్వాత ఇల్లు కూడా పట్టు తప్పడం మొదలెట్టింది. బూట్లు ఓవెన్‌లో పెట్టేవాడు. పిల్లి గిన్నెలో కాఫీ పోసేవాడు. నవంబర్‌లో ఒక పొద్దున పక్కింటివాళ్ళ వంటింట్లోకి నడిచి వెళ్ళి, బల్ల దగ్గర కూర్చుని, ఫలహారం ఏదని అడిగాడు. వాళ్ళు మంచివాళ్ళు, మా లోయలో ప్లోయ్ అనే అట్లు పోసి పెట్టి, కార్లో ఇంటికి దింపారు. రోజలీ కృతజ్ఞత చెప్పడం పోయి, అట్ల మీద సిరప్ వెయ్యకుండా ఎట్లా పెట్టారమ్మా అని వాళ్ళనే నిలదీసింది. వాళ్ళు వెళ్ళాక స్నానాలగదిలోకి పోయి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

ఈ సంగతులన్నీ జెనీన్ చెవిన పడుతూనే ఉన్నాయి. ఊరు చిన్నది కదా. నది పక్క ఊళ్ళో ఇలాంటి జబ్బు మనుషుల్ని చూసుకునే హోమ్ ఒకటుంది, అందులో గది ఖాళీ అయిందని చెప్పి, నాన్నని అక్కడ చేర్చుదాం అంది. ఆ మాట విన్న రోజలీ ఒంటికాలి మీద లేచింది. తన గొంతులో ప్రాణముండగా ఆయన తన మంచం మీదే పడుకుంటాడని, మళ్ళీ ఆ మాట ఎత్తితే ఫోను ఎత్తనని అంది. కోపంలో అన్న మాట కాదది. నలభై ఏళ్ళుగా తన పక్కన గురక పెట్టిన మనిషి ఎక్కడో తాళం వేసిన తలుపు వెనక ఒంటరిగా నిద్ర లేచి, ఇదెక్కడ, నేనెవరు అని వెతుక్కోవడం ఊహించుకుంటేనే ఆమెకి ఊపిరి ఆడేది కాదు.

అసలు లూసియన్ అంటే ఎవరో చెప్పాలి. వారమంతా బంగాళదుంపల ఫ్యాక్టరీలో ముక్కలు కోసే మిషన్ దగ్గర ఉండేవాడు. శనాదివారాల్లో ఎర్ర కోటు తొడుక్కుని బెడార్ కొండ మీద ఉండేవాడు. కాళ్ళు విరిగినవాళ్ళని, మోకాళ్ళు తిరిగినవాళ్ళని చెక్క బల్లకి కట్టి మంచు మీద కిందికి లాక్కురావడం ఆ పని. లోయలో సగం మందిని అలా దింపాడు. రోజలీనీ అలాగే దింపాడు. అప్పుడామెకి పందొమ్మిదేళ్ళు, ఇంకెవడో కుర్రాడికి తన స్కీయింగు గొప్ప చూపించబోయి చీలమండ విరగ్గొట్టుకుంది. బల్ల ముందువైపు లూసియన్, వెనకవైపు అతని జతగాడు గిల్ సీర్. దారి పొడుగునా గిల్ ఆమెని నవ్విస్తూనే ఉన్నాడు, లూసియన్ నోరు విప్పలేదు. వారం తర్వాత పరామర్శకి వచ్చి కూడా ఏం మాట్లాడాలో తెలియక వాళ్ళ నాన్నగారి పొయ్యి పక్కన కట్టెలన్నీ వరసగా పేర్చి వెళ్ళిపోయాడు. మరోసారి వచ్చినప్పుడు పెరట్లో కట్టెలు కొట్టాడు. చలికాలం మొత్తానికి సరిపడా కట్టెలు కొట్టాక పిల్లనివ్వకపోతే ఏం బావుంటుంది అని ఆ పెద్దమనిషి పెళ్ళిలో అందరికీ చెప్పి నవ్వించాడు.

గిల్, లూసియన్‌లది విడదీయరాని జత. సాయంత్రం కొండ మూసే వేళ గస్తీవాళ్ళకి ఒక పద్ధతుంది. ఆఖరి కుర్చీ పైకి చేరి, జనం అంతా దిగిపోయాక, గస్తీవాళ్ళు తలో బాటా పట్టుకుని నిదానంగా దిగుతారు. ప్రతి మలుపులో ఆగి, చెట్లవైపు తిరిగి, కొండ మూసేశాం అని కేకేస్తారు. ఎవడైనా పడిపోయి మూలుగుతున్నాడేమో అని చెవి ఒగ్గి వింటారు. ఆ తర్వాతే ఇంకో మలుపు. రెండు బాటలు కలిసే చోట ముందొచ్చినవాడు ఆగాలి. రెండోవాడు వచ్చి తన స్కీ కర్రతో వాడి కర్రని తట్టేదాకా కదలకూడదు. చలేస్తోందని అనకూడదు, చీకటి పడుతోందని అనకూడదు. ఒకణ్ణి కొండ మీద వదిలేసి ఇంకొకడు ఇంటికి పోవడమన్నది లేదు. ఈ పద్ధతి వల్ల వేడి చేసిన కూర చల్లారి, మళ్ళీ వేడి చేసి, మళ్ళీ చల్లారి, రోజలీ ఎన్ని సాయంత్రాలు ఆ గిల్‌ని తలుచుకుని పళ్ళు నూరిందో లెక్కలేదు.

గిల్ పోయి చాలా ఏళ్ళయింది. తన కొట్టంలోనే, ఆవులకి గడ్డి వేస్తూ గుండె ఆగి పడిపోయాడు. కొన్నాళ్ళకి కొండకి కొత్త లిఫ్టు వచ్చింది, దాని స్తంభాల కోసం బాటలు మార్చారు, ఇద్దరూ దిగే పాత బాటకి అడ్డంగా తాడు కట్టేశారు. లూసియన్ ఇంకో నాలుగు చలికాలాలు చేసి, జబ్బు బయటపడ్డాక ఎర్ర కోటు తిరిగి ఇచ్చేశాడు. ఆ రోజు ఇంటికొచ్చి కోటు తగిలించే కొక్కేనికి వంటింటి తువ్వాలు తగిలించాడు. ఎందుకని రోజలీ అడగలేదు.

జనవరిలో జెనీన్ మాట తీసెయ్యలేక రోజలీ ఆ పెద్ద రిసార్టు చూడ్డానికి ఒప్పుకుంది. శనివారం పూట ముగ్గురూ వెళ్ళారు. అబ్బో, అది కొండ కాదు, జాతర. స్తంభాల మీంచి పాటలు, ఎటు చూసినా జనం, లిఫ్టు ఎక్కాలంటే మెడలో కార్డు చూపిస్తే తప్ప తెరుచుకోని గేటు. లూసియన్ ఆ గేటు ముందు నిలబడి దాన్ని చేత్తో తోశాడు, అది కదల్లేదు. వెనక లైన్లో ఎవడో విసుక్కున్నాడు. అంతే, లూసియన్ మొహంలో నెత్తురు లేదు. రోజలీ తన చేతి తొడుగు తీసి ఆయన చెయ్యి పట్టుకుంది. మళ్ళీ కార్లో కూర్చునేదాకా ఆయన ఆ చెయ్యి వదల్లేదు. ఆమె ఎటు నడిస్తే అటు నడిచాడు, ఆమె ఆగితే ఆగాడు, టాయిలెట్ తలుపు దగ్గర కూడా ఆమె కోసం గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

జెనీన్ కారు నడుపుతూ, నాన్న ఎంత బుద్ధిగా ఉన్నాడో చూశావా అంది. రోజలీకి ఒళ్ళు మండింది.

"బుద్ధా అది? భయం. చచ్చేంత భయంతో నా చెయ్యి పట్టుకున్నాడు మీ నాన్న. ఆ చెయ్యి ఎంతమందిని మోసిందో నీకు తెలీదే. ఆయన్ని అట్లా చూడలేను నేను. బెడార్ కొండకే పోతాం. అక్కడ తప్పిపోదామనుకున్నా తప్పిపోలేడు, చెట్టు చెట్టూ తెలుసు ఆయనకి."

సరే, కొండ నీ ఇష్టం, కానీ ఒక మాటకి ఒప్పుకో అంది జెనీన్. ఆ వారం నాన్న బాగుంటే వచ్చే చలికాలం దాకా తను హోమ్ మాట ఎత్తదు. బాగోకపోతే అమ్మ కాదనకూడదు. వెనక సీట్లో లూసియన్ కిటికీలోంచి మంచు పొలాలు చూస్తూ ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. రోజలీ ఆ పాట ముగిసేదాకా ఆగి, ఒప్పుకున్నానంది. గెలుస్తానని ఆమెకి ఏ మూలా అనుమానం లేదు.

గెలుస్తున్నట్టే ఉంది కూడా. సెలవుల మొదటి రోజు లూసియన్ హాలు మెట్ల మీద కూర్చుని తన బూట్లు తనే వేసుకున్నాడు, కట్లు వరసగా బిగించాడు, లేచి స్కీలు మీదికి విసురుగా ఎక్కాడు. ఇంట్లో చొక్కా గుండీలు పెట్టుకోవడం రాని మనిషి! పాత రోజుల వాటంలో, మోకాళ్ళు రెండూ దగ్గరపెట్టి, బాట మీద వెడల్పుగా వంకర్లు తీస్తూ దిగొచ్చాడు. లిఫ్టు దగ్గరి మనిషి టోపీ తీశాడు. ఇప్పటి గస్తీ పెద్ద టెస్ అనే అమ్మాయి, లూసియన్ దగ్గర పని నేర్చుకున్నదే, పరిగెత్తుకొచ్చి కౌగలించుకుంది. ఆమె పేరు ఆయనకి గుర్తు రాలేదు. అయినా నీ ఎడం మోకాలు ఇంకా ముందుకి వంగడం లేదు పిల్లా అన్నాడు. టెస్ పకపకా నవ్వి, ఆ తిట్టు తిని ఎన్నాళ్ళయిందో అంది.

ఎలిస్ తాతని వదల్లేదు. మా లోయ పిల్లలందరిలా తాతని పెపే అంటుంది, అమ్మమ్మని మెమే అంటుంది. పెపే ముందు, వెనకే ఆయన గీసిన గీతల మీదే ఎలిస్. మంచు కింద జారే గడ్డ ఎక్కడుందో ఆయన కర్రతో చూపించేవాడు. ఒక మధ్యాహ్నం ఎవరి పిల్లాడో స్కీ ఊడిపోయి ఏడుస్తుంటే, లూసియన్ వాడి ముందు మోకాలేసి కూర్చుని, బూటు అడుగున అంటుకున్న మంచు గీకి, స్కీ తగిలించి, ముక్కు తుడిచి పంపించాడు. హాలు కిటికీలోంచి జెనీన్ అది చూసింది.

ఆ సాయంత్రం వంటింట్లో రోజలీ ప్లోయ్ అట్లు పోస్తుంటే జెనీన్ వచ్చి వెనకనుంచి తల్లి భుజం మీద గడ్డం ఆనించింది.

"నువ్వన్నదే నిజమమ్మా. ఆ కొండ మీద నాన్న నాన్నలాగే ఉన్నాడు. హోమ్ మాట ఇంక ఎత్తను."

ఇంకా రెండు రోజులున్నాయి కదే అని రోజలీ బింకంగా అంది గానీ, పెనం మీద అట్టు తిప్పడం మర్చిపోయింది. అది మాడింది. మాడిన అట్టు లూసియనే తిన్నాడు, బావుందన్నాడు. ఎంత కాలానికో ఆ రాత్రి ఆమె మధ్యలో లేచి పక్క తడుముకోకుండా నిద్రపోయింది.

మర్నాడు కొండ మూసే వేళకి రోజలీ హాల్లో ఉంది. సంతోషంలో ఉన్నప్పుడు ఆమెకి ఎవరితోనైనా పోట్లాడాలనిపిస్తుంది. సూపులో పంది మాంసం వేశారా, చూపించి తీసేశారా అని క్యాంటీన్ ఆవిడతో తగువు పెట్టుకుని కూర్చుంది. జెనీన్ సామాను కార్లో సర్దుతోంది. బయట ఆఖరి కుర్చీ కోసం గంట కొట్టారు. కాసేపటికి ఎలిస్ బుగ్గలు ఎర్రగా, టోపీ చేత్తో పట్టుకుని లోపలికి వచ్చి, పెపే సూపు తాగేశాడా అని అడిగింది.

"పెపే నీతో లేడూ?"

లిఫ్టు దగ్గర తనని కిందనే ఉండమన్నాడని ఎలిస్ చెప్పింది. ఇక చాలు, లోపలికి పో తల్లీ, నాకు పనుంది అన్నాడట. టాయిలెట్‌కి పోతున్నాడనుకుంది. రోజలీ చెంచా వదిలేసి బయటికి పరిగెత్తింది.

లిఫ్టు మనిషిని అడిగితే, ఆఖరి కుర్చీలో ఎక్కాడుగా అన్నాడు. అందులో వింతేముంది, ఇన్నేళ్ళూ ఆఖరి కుర్చీ ఆయనదేగా అని కూడా అన్నాడు, పాపం. పైన టెస్ మనుషులు ఆయన్ని చూశారు. ఆయన అందరికీ తలూపి, పదండి పదండి అన్నాడట. ముందే దిగిపోయి ఉంటాడనుకుని వాళ్ళు తమ బాటలు పట్టారు. వాళ్ళందరూ కిందికి చేరారు, లూసియన్ చేరలేదు.

టెస్ తన మనుషుల్ని మళ్ళీ పైకి పంపింది. తెరిచి ఉన్న బాటలన్నీ గాలించారు. ఎక్కడా లేడు. సూర్యుడు నది అవతలి కెనడా చెట్ల వెనక్కి దిగాడు, చలి ముక్కు కొసని కొరుకుతోంది. జెనీన్ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బావుండు, తిట్టినా బావుండు అనిపించింది రోజలీకి. ఎలిస్ ఏడుపు ఆపడం లేదు. రోజలీ మెట్ల మీద నిలబడి నల్లబడుతున్న కొండని చూసింది. ఆఖరి కుర్చీ. పదండి పదండి. నాకు పనుంది. అప్పుడర్థమైంది ఆమెకి. కొత్త చోట అయితే తన చెయ్యి పట్టుకుని తిరిగేవాడు. ఇక్కడ ఆయన సెలవులకి రాలేదు, డ్యూటీకి వచ్చాడు.

"పాత బాట," అంది టెస్‌తో. "గిల్ ఉన్నప్పుడు ఇద్దరూ దిగేది."

"అది తాడు కట్టి మూసేశాం మిసెస్ వలెట్. తాడు కట్టినట్టే ఉంది, నేను చూశాను."

"తాళ్ళు కట్టేది ఆయనే కదమ్మా ఇన్నాళ్ళూ. ఎత్తి, కింద నుంచి దూరి, మళ్ళీ కట్టేసి పోతాడు."

టెస్ మంచు బండి స్టార్ట్ చేసింది. రోజలీ వెనక కూర్చుంది. వద్దన్న జెనీన్ మాట చెవిన వేసుకోలేదు. తాడు దగ్గర మంచు మీద ఒక్క జత స్కీల గీతలు, వెడల్పుగా వంకర్లు తిరిగి కిందికి పోతున్నాయి. ప్రతి మలుపులోనూ ఆ గీతలు ఆగి ఉన్నాయి, చెట్లవైపు తిరిగి ఉన్నాయి.

రెండు బాటలు ఒకప్పుడు కలిసిన చోట, ఇప్పుడు నడుమెత్తు మొక్కలు లేచిన చోట, లూసియన్ నిలబడి ఉన్నాడు. కర్రలు రెండూ మంచులో గుచ్చి, నిటారుగా. కనుబొమ్మలు తెల్లబడిపోయాయి. పెదాలు నీలంగా ఉన్నాయి. ప్రాణాలతో ఉన్నాడు. రోజలీ బండి దిగింది. టెస్ దగ్గరికి పోయి చెయ్యి పట్టుకోబోతే ఆయన విదిలించాడు. కొండ మూసేశాం, కిందికి నడవండి అన్నాడు. రోజలీ మొక్కలు తప్పించుకుంటూ ఆయన ముందుకి వెళ్ళింది.

"లూసియన్, నేను. రోజలీని. పద, ఇంటికి పోదాం."

ఆయన ఆమెని మర్యాదగా చూశాడు. కాళ్ళు విరిగి కంగారు పడేవాళ్ళని చూసే చూపు అది, ఆమె ఎరిగినదే.

"మీరు వెళ్ళండమ్మా. ఆవిడ బండిలో దింపుతుంది. నేను గిల్ వచ్చేదాకా కదలకూడదు."

చలికి, భయానికి, ఆ చూపుకి రోజలీ ఓర్చుకోలేకపోయింది. గిల్ ఎక్కణ్ణుంచి వస్తాడయ్యా, గిల్ పోయాడు కదా అనేసింది. అనకూడని మాట అది. లూసియన్ మొహం ముక్కలైపోయింది. అప్పుడే, అక్కడే, మొదటిసారి విన్నట్టు విన్నాడు. ఎక్కడ పడ్డాడు, ఏ మలుపులో అని అడుగుతూ కర్రలు పీకి, పైకి ఎక్కడానికి స్కీలు అడ్డంగా తిప్పాడు. ఒక అడుగు వేసి జారాడు, లేచి మళ్ళీ వేశాడు. టెస్ ఆపబోయింది, ఆగలేదు. ఆ చలిలో ఆ మనిషి ఎంతసేపు ఎక్కుతాడు? బలవంతంగా కట్టి దింపాలంటే ఇంకో ఇద్దరు రావాలి, వచ్చేసరికి చీకటి.

రోజలీ టెస్ చేతిలోంచి ఒక స్కీ కర్ర తీసుకుంది. బాట పక్కగా, చెట్ల మాటున, మోకాళ్ళ లోతు మంచులో ఆయన కంటే పైకి ఎక్కింది. ఊపిరి తీసుకుంది. గొంతు ఎంత మోటుగా పెట్టగలదో అంత మోటుగా పెట్టి, చెట్లవైపు తిరిగి కేకేసింది.

"కొండ మూసేశాం!"

కింద లూసియన్ ఆగిపోయాడు. ఆమె దిగింది. టోపీ కళ్ళమీదికి లాక్కుని, తల వంచుకుని, మసక వెలుతురులో ఆయన పక్కకి వచ్చి నిలబడి, తన కర్రతో ఆయన కర్రని తట్టింది. లూసియన్ దీర్ఘంగా ఊపిరి వదిలాడు. భుజాలు దిగాయి.

"ఇంతసేపేంట్రా? ఎవరో ఆవిడ నువ్వు పోయావని చెప్పింది. నా ప్రాణాలు పోయాయనుకో."

"పోలేదు," అంది రోజలీ.

"పద పద. రోజలీ కూర వేడి చేసి చేసి ఉంటుంది."

కింద గస్తీ గదిలో ఆయన్ని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, దుప్పట్లు కప్పి, వేళ్ళు గోరువెచ్చని నీళ్ళలో పెట్టారు. వేళ్ళకి ఏమీ కాలేదు, రెండు రోజులు మంట పుడతాయి అంతే అని టెస్ చెప్పింది. ఆయన చుట్టూ ఉన్నవాళ్ళని చూసి నవ్వుతున్నాడు, పని ముగించుకొచ్చిన మనిషి నవ్వు. రోజలీ ఆయన ముందు కింద కూర్చుని బూట్ల కట్లు విప్పుతోంది. ఆయన ఆమె వైపు వంగి, నెమ్మదిగా, ఇబ్బంది పెడుతున్నందుకు ఏమీ అనుకోవద్దన్నట్టు, ఒక సాయం చేస్తారా అని అడిగాడు. ఇంటికి ఫోన్ చేసి తన భార్యకి చెప్పాలట, క్షేమంగా దిగానని. ఆమె కంగారు మనిషట.

రోజలీ సరేనని లేచి వరండాలోకి వెళ్ళింది. అక్కడ జెనీన్ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బింది. తల్లిని చూసి, నేనేం అననమ్మా, నిన్న అన్న మాట మీదే ఉంటా అంది. రోజలీ కూతురి పక్కన కూలబడింది. ఇన్నాళ్ళూ కుళాయి చప్పుడులో ఏడ్చిన మనిషి ఏ చప్పుడూ లేని చోట, అందరూ వినేట్టు ఏడ్చింది. కొండ నేను ఎంచుకున్నానే, నేనే ఎంచుకున్నాను అని మాత్రం అనగలిగింది. జెనీన్ తల్లి తలని తన ఒళ్ళోకి లాక్కుంది. చాలాసేపటికి రోజలీ మొహం తుడుచుకుని, సోమవారం ఆ హోమ్‌వాళ్ళకి ఫోన్ చెయ్యి అంది. కిటికీ కొండవైపు లేని గది అడుగు అంది.

తిరిగి లోపలికి వెళ్ళేసరికి లూసియన్ చేతిలో సూపు గిన్నె ఉంది. ఆమె కోసమే తాగకుండా ఆగాడు.

"ఫోన్లో దొరికిందా?"

"దొరికింది. నిదానంగా రమ్మంది."

"తిట్టలేదూ?"

"లేదు."

లూసియన్ తల అడ్డంగా ఊపాడు. కళ్ళలో మళ్ళీ ఆందోళన కమ్మింది.

"అయితే మీరు మాట్లాడింది రోజలీతో కాదండీ. నంబరు తప్పుంటుంది. ఇంకోసారి చెయ్యండి, పాపం, ఎదురుచూస్తుంటుంది."

రోజలీ ఆయన ముందు మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుంది. ఆయన చేతులు రెండూ గిన్నెతో సహా పట్టుకుంది.

"తిట్టింది," అంది. "బాగా తిట్టింది. మీతో చెప్పడం ఎందుకని ఊరుకున్నాను."

"ఆఁ, అదీ," అన్నాడు లూసియన్, ప్రాణం కుదుటపడి. నవ్వుకుంటూ సూపు తాగడం మొదలుపెట్టాడు.